స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌కి డబ్బు కట్టే ముందు ఏమేం అడగాలి, ఎక్కడ వెతకాలి

మా అమ్మకి 68. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి దిగుతుంది. పోయిన ఏడాది తెలిసినవాళ్లెవరో చెబితే హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాను. డాక్టర్ గారు ఐదు నిమిషాలు చూశారు, ఆ తర్వాత కౌన్సెలర్ అని ఒకమ్మాయి ముప్పావు గంట మాట్లాడింది. "గుజ్జు మళ్లీ పెరుగుతుంది ఆంటీ, సెలైన్‌లో కూడా స్టెమ్ సెల్స్ ఎక్కిస్తాం, ఒంట్లో వయసు పదేళ్లు వెనక్కి వెళ్తుంది" అని చెప్పి నున్నటి కాగితం మీద ప్యాకేజీ రాసిచ్చింది. రెండు మోకాళ్లకీ సెలైన్‌కీ కలిపి 4,20,000. శనివారం లోపు 50,000 అడ్వాన్స్ కడితే డిస్కౌంట్. కారెక్కగానే అమ్మ "ఎఫ్‌డీ తీసేద్దామే, ఇంకెందుకు దాచుకోవడం" అంది.

ఆ రాత్రి ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ముందువైపు నవ్వుతున్న పెద్దవాళ్ల ఫోటో, వెనకవైపు ధరలు. ఏ కణాలు, ఎవరి ఒంట్లోంచి తీస్తారు, ఎన్ని ఎక్కిస్తారు, ఎవరు అనుమతిచ్చారు, ఈ నాలుగింట్లో ఒక్కటి కూడా ఆ కాగితం మీద లేదు. నేను డాక్టర్ని కాదు. కానీ ఆ తర్వాత రెండు నెలలు దీని గురించే చదివాను, మా ఊళ్లో ఎముకల డాక్టర్ గారిని, బంధువుల్లో ఉన్న ఒక రక్తవ్యాధుల డాక్టర్ని కూర్చోబెట్టి అడిగాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి కాగితం ఎవరో ఒకరు తెచ్చి ఉంటారు, లేదా రేపు తెస్తారు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా, అడగాల్సిన ప్రశ్న మార్చండి

"స్టెమ్ సెల్ పనిచేస్తుందా?" అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు, ఎందుకంటే అది "మందు పనిచేస్తుందా?" అని అడిగినట్టే. ఏ మందు, ఏ జబ్బుకి అన్నది తేలాలి కదా. స్టెమ్ సెల్స్‌ని తెలుగులో మూలకణాలు అంటున్నాం. చేలో అక్కడక్కడా మొక్క చచ్చిపోతే నాటడానికి రైతు కొంత నారు మిగిల్చుకుంటాడు చూడండి, మన ఒళ్లు కూడా అలాగే కొన్ని కణాలని అట్టే పెట్టుకుంటుంది. ఎముక మూలుగలో ఉండే నారు వేరు, చర్మంలో ఉండేది వేరు, కంటి అంచున ఉండేది వేరు, కండలో ఉండేది వేరు. వరి నారు తెచ్చి మిరప తోటలో నాటితే మిరప రాదు. క్లినిక్‌లో చెప్పే మాటల్లో చాలా భాగం ఈ ఒక్క విషయం దగ్గరే తేలిపోతుంది.

నిజంగా పనిచేసిన చోట ఎలా పనిచేసిందో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. బ్లడ్ క్యాన్సర్, తలసీమియా లాంటి వాటికి చేసే మూలుగ మార్పిడి అసలైన స్టెమ్ సెల్ వైద్యం. దాన్ని మనుషుల్లో సాధ్యం చేసినందుకే అమెరికా డాక్టర్ డానల్ థామస్‌కి 1990లో నోబెల్ వచ్చింది, మన దేశంలో మొదటిసారి 1983లో ముంబయి టాటా మెమోరియల్‌లో చేశారు. అక్కడ రక్తాన్ని తయారుచేసే కణాన్నే ఎక్కిస్తారు, అది మూలుగలోకి చేరి రక్తాన్నే తయారుచేస్తుంది. కొత్త పనేమీ చేయమని అడగరు.

రెండోది మన హైదరాబాద్‌దే, తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. తాంబూలంలోకి వాడే సున్నం చిట్లి పిల్లల కంట్లో పడడం, యాసిడ్ పడడం, ఇలాంటి ప్రమాదాల్లో కంటి అంచున ఉండే మూలకణాలు మాడిపోతాయి. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే చోట సన్నటి గీతలా ఉంటుంది కదా, ఆ కణాలుండేది అక్కడే. అవి పోతే నల్లగుడ్డు మీదికి తెల్లటి పొర, రక్తనాళాలు పాకి చూపు పోతుంది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ప్రచురించిన పద్ధతిలో, బాగున్న కంటి అంచు నుంచి దాదాపు రెండు మిల్లీమీటర్ల చదరపు ముక్క, అంటే ఆవగింజంత, తీస్తారు. దాన్ని ఎనిమిది, పది చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటి మీద ఉమ్మనీటి సంచి పొర పరిచి, దాని మీద జిగురుతో అతికిస్తారు. ల్యాబ్‌లో పెంచే పని లేదు, కొన్ని వారాల్లో ఆ ముక్కల నుంచి కణాలు పాకి నల్లగుడ్డు మీద మళ్లీ ఆరోగ్యమైన పొర కడతాయి. ఇక్కడా అంతే, కంటి కణం కంటి పనే చేసింది.

ఇప్పుడు మోకాలి దగ్గరికి రండి.

"మీరు ఎక్కించేది సరిగ్గా ఏంటి?" అని అడిగి, రాసి ఇమ్మనండి

ఒకే పేరుతో నాలుగు వేరు వేరు వస్తువులు అమ్ముతున్నారు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పి, అదే రోజు మోకాల్లోకి ఎక్కించేది ఒకటి. పొట్ట కొవ్వు తీసి దాన్నుంచి కణాలు వేరుచేసేది రెండోది. వేరేవాళ్ల మూలుగ నుంచో, బొడ్డుతాడు నుంచో, మాయ నుంచో తీసి ల్యాబ్‌లో పెంచి సీసాలో తెచ్చేది మూడోది. నాలుగోది పీఆర్‌పీ, అంటే మీ చేతి రక్తాన్ని తిప్పి ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని ఎక్కించడం. అది స్టెమ్ సెల్ వైద్యం కానే కాదు, కానీ ప్యాకేజీ కాగితంలో అన్నీ ఒకే పేరు కింద వచ్చేస్తాయి. ఈ మధ్య "ఎక్సోజోమ్స్" అని ఇంకోటి కూడా కలుపుతున్నారు, అవి కణాలు కూడా కావు, కణాలు బయటికి వదిలే చిన్న సంచులు.

మొదటి రకం గురించి ఒక లెక్క చెప్తాను. తుంటి నుంచి తీసిన మూలుగలో, ఎముకగా గానీ మృదులాస్థిగా (అంటే కీలు గుజ్జుగా) గానీ మారగల కణాలు పదివేలలో ఒకటి నుంచి లక్షలో ఒకటి వరకే ఉంటాయి. కాబట్టి "మీ మూలుగలోని కోట్ల స్టెమ్ సెల్స్ ఎక్కిస్తాం" అంటే, లెక్కపెట్టిన రిపోర్ట్ చూపించమనాలి.

ఇంకా ముఖ్యమైన సంగతి ఆ కణాల పేరులోనే ఉంది. వీటికి "మీసెంకైమల్ స్టెమ్ సెల్స్" అని 1991లో పేరు పెట్టింది ఆర్నాల్డ్ క్యాప్లన్ అనే శాస్త్రవేత్త. అదే మనిషి 2017లో, ఈ పేరు మార్చేయండి, జనం తప్పుగా అర్థం చేసుకుంటున్నారు అని రాశాడు. శరీరంలోకి ఎక్కించాక ఇవి కొత్త గుజ్జుగా మారడం లేదు, చుట్టూ ఉన్న కణాలకి కొన్ని రసాయన సంకేతాలు పంపి కొన్నాళ్లకి పోతున్నాయి అన్నది ఆయన మాట. సెలైన్‌లో నరం ద్వారా ఎక్కిస్తే చాలా భాగం ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాల్లోనే ఆగిపోతాయి. అలాంటప్పుడు "ఒళ్లంతా తిరిగి ఎక్కడ అరిగితే అక్కడ బాగుచేస్తాయి" అని చెప్పడం న్యాయం కాదు.

మరి నొప్పి తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు, తగ్గి ఉండొచ్చు. అసలు ప్రశ్న ఏంటంటే, దేనితో పోలిస్తే తగ్గింది? అమెరికాలో 475 మంది మోకాళ్ల మీద చేసిన ట్రయల్, అంటే మనుషుల మీద చేసే పరీక్ష, దాని ఫలితాలు 2023లో వచ్చాయి. మూలుగ కణాలు, కొవ్వు కణాలు, బొడ్డుతాడు కణాలు, ఈ మూడింటినీ మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పక్కపక్కన పెట్టి ఏడాది చూశారు. ఏడాది తర్వాత నొప్పిలో మూడింట్లో ఏదీ స్టెరాయిడ్ కన్నా మెరుగ్గా లేదు. స్టెరాయిడ్ కూడా గొప్ప మందు అని నేననడం లేదు, అది మాటిమాటికీ వేయించుకునేది కాదు, కానీ దాని ధర ఎంతో, మన ప్యాకేజీ ధర ఎంతో మీరే చూసుకోండి.

అనుమతి సంగతి ఇలా తేల్చుకోండి

వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులకి చేసే మూలుగ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా ఇంకా పరిశోధన కిందికే వస్తుంది, ట్రయల్‌లో తప్ప చేయకూడదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో కూడా మూలకణాలతో తయారుచేసిన ఉత్పత్తిని కొత్త మందుగానే చూస్తారు, అంటే దేశంలో మందులకి అనుమతిచ్చే కేంద్ర అధికారి, డీసీజీఐ, అనుమతి కావాలి.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. మోకాలి అరుగుదలకి మన దేశంలో డీసీజీఐ అనుమతి పొందిన ఉత్పత్తి ఒకటుంది. బెంగళూరు సంస్థ స్టెంప్యూటిక్స్ తయారుచేసిన స్టెంప్యూసెల్ అది, ఆరోగ్యవంతులైన దాతల మూలుగ నుంచి కణాలు తీసి, పెంచి, కలిపి చేస్తారు, 2022లో అనుమతి వచ్చింది. అది రెండు, మూడు గ్రేడ్‌ల అరుగుదలకే (ఎక్స్‌రే చూసి అరుగుదల ఎంతో చెప్పే అంకే గ్రేడ్). నాలుగో గ్రేడ్‌కి, అంటే ఎముకకి ఎముక రాసుకునే దశకి కాదు. అందుకే క్లినిక్‌వాళ్లు "గవర్నమెంట్ అనుమతి ఉంది" అంటే అక్కడితో ఆగిపోకండి. ఏ ఉత్పత్తికి అనుమతి? పేరేంటి? బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఉన్న పెట్టె చూపిస్తారా? మా ఎక్స్‌రే ఏ గ్రేడ్? ఈ నాలుగూ అడగండి. ఒక కంపెనీ ఉత్పత్తికి వచ్చిన అనుమతి, పక్క క్లినిక్ వెనక గదిలో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పిన దానికి వర్తించదు. "వయసు తగ్గించడానికి" అనైతే ఏ స్టెమ్ సెల్ ఉత్పత్తికీ అనుమతి లేదు.

"ఇది ట్రయల్ అండి" అంటే మరీ మంచిది, వెతకడం తేలిక. సీటీఆర్ఐ అని ప్రభుత్వ ట్రయల్ రిజిస్ట్రీ ఉంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, 2009 జూన్ నుంచి మందుల ట్రయల్స్ అక్కడ నమోదు చేయడం తప్పనిసరి. నంబర్ అడగండి. సీటీఆర్ఐ అన్న అక్షరాల తర్వాత సంవత్సరం, నెల, ఆ పైన వరుస నంబర్ ఉంటాయి. ఫోన్‌లో కన్నా కంప్యూటర్‌లో తెరిస్తే చదవడం సులువు. పేజీ తెరిచాక నేను ఈ వరుసలో చూస్తాను: ముందు "సైట్స్" దగ్గర ఈ క్లినిక్ పేరు ఉందా, ఊరు కలిసిందా. ఆ తర్వాత ఎథిక్స్ కమిటీ (పేషెంట్ల భద్రత, హక్కులు చూసే కమిటీ) అనుమతి వచ్చిందా, ఇంకా పెండింగా. ఆ పక్కనే డీసీజీఐ అనుమతి సంగతి ఉంటుంది, అక్కడ "వర్తించదు" అని ఉంటే ఎందుకు వర్తించదో అడగాలి. చివరగా ఎవరిని చేర్చుకుంటారు అన్న చోట వయసు, జబ్బు మీతో సరిపోతున్నాయా. ఒక్క మాట గుర్తుంచుకోండి, అక్కడ నమోదైనంత మాత్రాన ఆ వైద్యం మంచిదని ప్రభుత్వం సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. ఫలానా పరీక్ష చేస్తున్నాం అని బహిరంగంగా చెప్పారు, అంతే.

అసలు పరీక్ష డబ్బు దగ్గర తెలుస్తుంది. ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకి పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, పరిహారం కూడా ఇవ్వాలి. కాబట్టి ట్రయల్ అంటూనే నాలుగు లక్షలు అడిగితే అక్కడే లేచి వచ్చేయండి. సమ్మతి పత్రం తెలుగులో అడగండి, ఇంటికి తెచ్చుకుని చదువుకుంటాం అనండి. అసలైన ట్రయల్‌వాళ్లు దానికి అడ్డు చెప్పరు, ఎప్పుడైనా మానేయొచ్చని వాళ్లే చెప్తారు. శనివారం లోపు కట్టాలని ఏ శాస్త్రమూ తొందరపెట్టదు.

"మన కణాలే కదా, ఏమవుతుంది?"

అమ్మ అడిగింది ఇదే. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో ముగ్గురు ఆడవాళ్లు, వయసుతో వచ్చే చూపు మందగింపుకి, సొంత పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలని కళ్లలోకి ఎక్కించుకున్నారు, రెండు కళ్లకీ ఒకే రోజు. ముగ్గురికీ చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఒక్కొక్కరూ 5,000 డాలర్లు కట్టారు. 2017లో ఒక పెద్ద వైద్య పత్రికలో కంటి డాక్టర్లు ఇదంతా వివరంగా రాశారు. మరుసటి ఏడాది అమెరికాలోనే బొడ్డుతాడు రక్తంతో చేసిన ఇంజెక్షన్లు కీళ్లలోకి, వెన్నులోకి వేయించుకున్న 12 మంది బాక్టీరియా ఇన్ఫెక్షన్లతో ఆసుపత్రిలో చేరారు. వాళ్లంతా మనలాగే నొప్పి తగ్గుతుందని వెళ్లినవాళ్లే. కణం మనదైనా, తీయడం, శుభ్రం చేయడం, నిల్వ చేయడం, ఎక్కించడం, ఈ నాలుగు చోట్లా తప్పు జరగొచ్చు. కణం తన చోటు కాని చోట ఏం చేస్తుందో ముందే తెలియదు కూడా.

ఇప్పటికే వేయించుకున్నారా? మోకాలు ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా "కణాలు పనిచేస్తున్నాయి, అలాగే ఉంటుంది" అన్న మాట నమ్మి ఇంట్లో కూర్చోకండి, పెద్ద ఆసుపత్రికి వెళ్లండి, ఏం ఎక్కించారో ఆ కాగితం పట్టుకెళ్లండి. బిల్లు, సమ్మతి పత్రం, ఎక్కించిన దాని లేబుల్, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ జాగ్రత్త చేసుకోండి. డాక్టర్ మీద ఫిర్యాదు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి, ఉత్పత్తి మీద ఔషధ నియంత్రణ శాఖకి, డబ్బు విషయం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి.

వయసు వెనక్కి వెళ్లే సంగతి

దీని వెనక నిజమైన సైన్స్ ఉంది, అందుకే అమ్మేవాళ్లకి అంత సులువైంది. 2006లో జపాన్‌లో షిన్యా యమనాక ఎలుక చర్మ కణంలోకి నాలుగు జన్యువులు పంపి దాన్ని మళ్లీ పిండ దశలోని మూలకణంలా మార్చాడు, మరుసటి ఏడాది మనిషి కణంతో చేశాడు, 2012లో నోబెల్ వచ్చింది. ముసలి కణం గడియారాన్ని మొదటికి తిప్పొచ్చని అప్పుడు తెలిసింది. మరి పూర్తిగా కాకుండా కొంచెమే తిప్పితే? 2016లో కాలిఫోర్నియా సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు త్వరగా ముసలైపోయే జబ్బున్న ఎలుకల్లో ఆ జన్యువులని కొన్ని రోజులు పనిచేయించి, కొన్ని రోజులు ఆపి, ఆయుష్షు పెంచగలిగారు. 2020లో హార్వర్డ్ బృందం నాలుగింట్లో మూడు జన్యువులతో ఎలుకల కంటి నరాన్ని బాగుచేసింది. అయితే ఎక్కువ తిప్పితే ఆ కణం తను ఎవరో మర్చిపోయి కణితి కడుతుంది. అదీ భయం. ఈ పనంతా ల్యాబుల్లో, ఎలుకల్లో, ఇప్పుడిప్పుడే మొదలవుతున్న ట్రయల్స్‌లో ఉంది. మన వీధి చివర క్లినిక్‌లోని సెలైన్ బాటిల్‌లో ఉన్నది ఇది కాదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో ప్రయోగం. 2005లో స్టాన్‌ఫర్డ్‌వాళ్లు ముసలి ఎలుకనీ పడుచు ఎలుకనీ కలిపి కుట్టి, రెండింటికీ ఒకే రక్తం తిరిగేలా చేశారు. ముసలి ఎలుక కండలోని సొంత మూలకణాలు మళ్లీ లేచి గాయాన్ని మాన్పడం మొదలుపెట్టాయి. అంటే ఆ నారు చచ్చిపోలేదు, దాని చుట్టూ ఉన్న నేల పాడైంది. పాడైన నేలలో కొత్త నారు పోసినా అంతే కదా. ఇది చదివాక నేను ఇంజెక్షన్ ఆలోచన పక్కన పెట్టి నేల బాగుచేయడం ఎలా అని వెతకడం మొదలుపెట్టాను.

"బయొలాజికల్ ఏజ్" పరీక్షల గురించి, అంటే పుట్టిన తేదీతో కాక ఒంటి స్థితిని బట్టి వయసు చెప్పే పరీక్షల గురించి కూడా ఒక మాట. స్టీవ్ హోర్వాత్ 2013లో డీఎన్ఏ మీద 353 చోట్ల ఉండే రసాయన గుర్తులని చదివి వయసు చెప్పే లెక్క కనిపెట్టాడు, గొప్ప పని. ఇలాంటి లెక్కలని గడియారాలు అంటారు, తర్వాత చాలా వచ్చాయి, ఒకే మనిషికి ఒక్కో గడియారం ఒక్కో వయసు చెప్తుంది. అమెరికాలో రెండేళ్ల పాటు కొంతమంది ఆరోగ్యవంతులు సగటున 12 శాతం తక్కువ కేలరీలు తిన్నారు, ఒక గడియారం ప్రకారం వయసు మీద పడే వేగం 2 నుంచి 3 శాతం తగ్గింది, మిగతా గడియారాల్లో మార్పు కనిపించలేదు. పరిశోధనకి ఇవి పనికొస్తాయి. కానీ క్లినిక్‌లో ఇంజెక్షన్‌కి ముందు ఒకటి, తర్వాత ఒకటి పరీక్ష చేసి "చూడండి, ఆరేళ్లు తగ్గింది" అంటే ఆ తేడాకి విలువ లేదు. ఆ డబ్బుతో షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్షలు చాలాసార్లు చేయించుకోవచ్చు. ఐసీఎంఆర్ 2023లో ప్రచురించిన సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, పెద్దవాళ్లలో మూడో వంతుకి పైగా బీపీ ఉంది. రక్తనాళాలని, కిడ్నీలని ముందుగా ముసలి చేసేవాటిలో ఈ రెండూ ముఖ్యమైనవి, వీటికి మందులు చవగ్గా దొరుకుతున్నాయి.

ఇంట్లో కుర్చీతో చేసే పరీక్ష

చేతులు లేని గట్టి కుర్చీ తీసుకోండి, ఎత్తు 43 సెంటీమీటర్లు ఉండాలి, మామూలు భోజనాల బల్ల కుర్చీ సరిపోతుంది. గోడకి ఆనించండి, జారకుండా. ప్లాస్టిక్ కుర్చీ వద్దు. మధ్యలో కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, రెండు చేతులూ గుండెల మీద ఇంటూ గుర్తులా పెట్టుకోవాలి. ఫోన్‌లో 30 సెకన్లు పెట్టి, పూర్తిగా లేచి నిలబడడం, పూర్తిగా కూర్చోవడం, ఎన్నిసార్లు అవుతుందో లెక్కపెట్టండి. చేతులు ఆనిస్తే సున్నా కింద లెక్క. పక్కన ఒక మనిషి ఉండాలి. 60 నుంచి 64 వయసులో ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 14 కన్నా తక్కువ వస్తే బలం తక్కువున్నట్టు. 65 నుంచి 69లో ఆడవాళ్లకి 11, మగవాళ్లకి 12. 70 నుంచి 74లో 10, 12.

అమ్మకి మొదటిసారి ఆరే వచ్చాయి. ఐదోసారికి తొడలు వణికాయి, ఆరోసారి లేచి నిలబడి కళ్లు మూసుకుంది. మోకాలు నొప్పి అనుకుంటూ వచ్చాం, అసలు తొడలో బలమే లేదని ఆ రోజు తెలిసింది.

తొడ కండ గట్టిపడితే మోకాలి మీద పడే బరువులో కొంత అది మోస్తుంది. ఇక్కడే స్టెమ్ సెల్స్ మళ్లీ వస్తాయి. కండ పోగుల పక్కన అతుక్కుని శాటిలైట్ కణాలు ఉంటాయి, అవి కండకి మూలకణాలు. వయసుతో అవి తగ్గుతాయి, కానీ బరువుతో వ్యాయామం చేస్తే పెద్ద వయసులో కూడా వాటి సంఖ్య పెరుగుతుందని కండ ముక్క తీసి చూసినవాళ్లు లెక్కపెట్టి చెప్పారు. 1990లో బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్లున్న పది మందితో ఎనిమిది వారాలు కాళ్లకి బరువు వ్యాయామం చేయించారు. కాలి బలం సగటున 174 శాతం పెరిగింది, అంటే ముందున్న దానికి రెండున్నర రెట్లు దాటింది. 90 ఏళ్లలో సాధ్యమైంది 68లో ఎందుకు కాదు?

మేం చేసింది ఇది. ముందు ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి నాలుగుసార్లు వెళ్లాం, అది దాటేయకండి, ఎందుకంటే ఏ మోకాలికి ఏ కోణం నొప్పి పెడుతుందో చూసి చెప్పాలి. ఇంట్లో రోజు విడిచి రోజు మూడు వ్యాయామాలు. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని నేలకి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలడం. వెల్లకిలా పడుకుని కాలు నిటారుగా జానెడు ఎత్తి ఆపడం, తర్వాత చీలమండకి అరకిలో ఇసుక సంచి కట్టి అదే. మూడోది కుర్చీలోంచి లేవడం, మొదట రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచాం, రెండు వారాలకి ఒక దిండు తీసేశాం, నెలకి రెండోది. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉంటే ఫరవాలేదు, మర్నాటికి కూడా తగ్గకపోతే తగ్గించుకోవాలి. గుండె జబ్బు ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.

బరువు సంగతి. ఒళ్లు ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూశారు. కానీ పెద్దవాళ్లు అన్నం మానేసి బరువు తగ్గితే కండ కూడా పోతుంది, అందుకని ప్రొటీన్ తగ్గకూడదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) లెక్క ప్రకారం పెద్దలకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలి, 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. ఇప్పుడు మన పళ్లెం చూడండి. 30 గ్రాముల కందిపప్పులో 7 గ్రాములు, ఒక గుడ్డులో 6 గ్రాములు. అమ్మ తినేది రెండు పూటలా అన్నం, పల్చటి పప్పుచారు, కూర, చివర మజ్జిగ. రాసి కూడితే సగం కూడా రాలేదు. ఇప్పుడు పొద్దున ఇడ్లీ బదులు వారంలో నాలుగు రోజులు పెసరట్టు, మధ్యాహ్నం గట్టి పప్పు, మజ్జిగ స్థానంలో గట్టి పెరుగు, సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలు, రాత్రికి గుడ్డు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పకుండా ప్రొటీన్ పెంచకండి.

ఇంట్లో కాన్పు ఉంటే, బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని డబ్బు తీసుకుని దాచిపెట్టే బ్యాంక్‌వాళ్లు కూడా ఫోన్ చేస్తారు. సొంత బిడ్డ కోసం ప్రైవేటుగా దాచుకోవడాన్ని ఐసీఎంఆర్ సమర్థించడం లేదు, పుట్టుకతో వచ్చే జన్యు లోపమైతే ఆ రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. ఇంట్లో ఇప్పటికే తలసీమియా లాంటి జబ్బున్న పిల్లాడు ఉంటే అది వేరు, రక్తవ్యాధుల డాక్టర్‌ని అడిగి నిర్ణయించుకోండి.

ఆ క్లినిక్‌కి నేను మళ్లీ ఫోన్ చేశాను. ఏ కణాలు, ఎవరివి, ఎన్ని, ఏ అనుమతితో, ఈ నాలుగూ ఈమెయిల్‌లో రాసి పంపమన్నాను. "సార్‌తో మాట్లాడి పంపిస్తాం మేడం" అన్నారు. రాలేదు. ఎఫ్‌డీ అలాగే ఉంది. ఎక్స్‌రేలో అమ్మ ఎడమ మోకాలు మూడో గ్రేడ్, కుడిది నాలుగు. కుడిది ఎప్పటికైనా మార్పిడి ఆపరేషన్ చేయించాల్సి రావచ్చని ఎముకల డాక్టర్ గారు చెప్పారు, తొడలో బలం ఉంటే ఆపరేషన్ తర్వాత కూడా త్వరగా లేస్తారని కూడా చెప్పారు, ఆ డబ్బు దానికి ఉంచాం. సీరియల్ మధ్యలో యాడ్స్ వచ్చినప్పుడల్లా అమ్మ కుర్చీలోంచి లేచి కూర్చుంటుంది. మూడు నెలలకి ఆదివారం నాడు మళ్లీ 30 సెకన్లు పెట్టాను, పది వచ్చాయి. "ఇంకొకటి లేచేదాన్నే, నువ్వే తొందరగా ఆపేశావు" అంది.